ఒంగోలు గోజాతి కీర్తి - సంకరణము, మాంసగుణము : ఒక విమర్శ

తెలుగువారు తమ గొప్పదనమును జెప్పుకొనునపుడు కావ్యములు, శాసనములు, దేవాలయములు, నేతబట్టలు మొదలగువానితోబాటు తప్పక పేర్కొను జీవి యొకటి గలదు. అది ఒంగోలు గిత్త. తెల్లని దేహము, నల్లని మూతి, పొట్టి కొమ్ములు, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు - ఇవి చూచినవానికి శివాలయమునందలి నంది స్ఫురించును. బండలాగుడు పందెములలో దాని బలమును వేలకొలది జనులు చూచి మురిసిపోవుదురు. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడోత్సవములకు 'వీర' యను పేర ఒంగోలు గిత్తయే చిహ్నముగా నిలిచినది. ఇట్టి జంతువును గూర్చి ప్రశంసావాఙ్మయము పెరుగుట సహజము. ఆ వాఙ్మయమును విమర్శదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2023 జూన్ నెలలో బ్రెజిల్ దేశమున నెలోరె జాతికి చెందిన వియాటినా-19 అను ఆవుయొక్క మూడవవంతు భాగము దాదాపు 70 లక్షల రియాలులకు వేలములో పాడబడినది. ఆ లెక్కన మొత్తము ఆవు వెల 2 కోట్ల 10 లక్షల రియాలులు, అనగా సుమారు 43 లక్షల అమెరికా డాలర్లు. గిన్నిస్ గ్రంథమువారు వేలములో అత్యధిక ధర పలికిన ఆవుగా దానిని గుర్తించిరి. మా హోట్గి రోడ్డు నేతవారి యిండ్లలో కూడ ఆ వార్త చేతులు మారినది. మగ్గముల చప్పుడు నడుమ పెద్దలు దానిని చదివించుకొని విని సంతోషించిరి. వారి పూర్వులు షోలాపురమునకు వచ్చినది కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి. ఒంగోలు గడ్డను వారిలో పెక్కురు చూచియు నుండరు. అయినను "మన ఆవు" అనిరి. పరదేశమున మనదను వస్తువునకు గౌరవము గల్గినపుడు వలసవచ్చినవాని మనస్సు రెండింతలు సంతోషించును. అందు తప్పు లేదు.

ఆ సమయమున ఒక పిల్లవాడు, "అన్ని కోట్లు పెట్టి కొన్నరు గదా తాతా, అది దినాం ఎన్ని పాలిస్తది?" అని యడిగెను. ఎవ్వరును సమాధానము చెప్పలేదు. చదివిన వార్తలో ఆ సంగతి లేదు. నిజమైన సమాధానమేమనగా, ఆ ఆవు పాలకొరకు పెంచబడినది కాదు. దాని అండములనుండి పుట్టు సంతతికొరకు అంత వెల పలికినది. ఆ సంతతి బ్రెజిల్ దేశపు మాంసపు మందలను మెరుగుపరచుటకై వినియోగింపబడును. మన ప్రశంసావ్యాసములు ఈ యొక్క వాక్యమును వ్రాయుటకు జంకుచున్నవి. ఆ జంకువలన సత్యమునకు గల్గిన హాని యేమో, ఆ హాని మన పశుసంపదకెట్లు తగులునో విచారింపవలసి యున్నది.

పేరు - ప్రయాణము

ముందుగా పేరు సంగతి. మన ఒంగోలు పశువు విదేశములలో 'నెల్లూరు' పేర ప్రసిద్ధికెక్కుటకు కారణము పాలనావ్యవస్థయే గాని మరియొకటి గాదు. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో నుండెను. అందుచే ఆంగ్లేయుల వ్రాతలలో ఆ పశువు నెల్లూరు పశువైనది. బ్రెజిల్ వారి నోట అదియే నెలోరె అయినది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడి, 1972లో ప్రకాశము జిల్లాగా పేరు మార్చుకొన్నది. జిల్లాల పేరులు మారినను, బ్రెజిల్ మందలో పాతపేరు నిలిచిపోయినది.

1868లో ఇంగ్లండునకు పోవుచున్న యొక ఓడ బ్రెజిల్ లోని సాల్వడోరు రేవున ఆగినపుడు అందలి జంటపశువులు అచ్చట అమ్ముడుపోయినవని ఆ దేశపు పెంపకపుదారుల చరిత్రలు చెప్పుచున్నవి. 1878లో లెంగ్రూబెర్ అను పెంపకపుదారు జర్మనీలోని హాంబుర్గు జంతుప్రదర్శనశాలనుండి మరికొన్నింటిని తెప్పించెను. 1938లో ఆ జాతికి అక్కడ వంశావళి నమోదు ప్రారంభమైనది. 1960వ దశకపు తొలియేండ్లలో చివరి పెద్ద దిగుమతి జరిగినది. ఆ తడవ వెళ్ళిన ఆబోతులలో 'కర్వాది' అనునది మిక్కిలి ప్రసిద్ధము. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమే ఆ పేరుగా మారినదని తెలుగువాడు సులభముగ గుర్తించును. నేటి నెలోరె వంశావళులలో ఆ యొక్క ఆబోతు రక్తము లేని శాఖ అరుదు.

ఇంతవరకు మన వ్యాసకర్తలు ఉత్సాహముతో వ్రాయుదురు. ఆ పశువు అక్కడికి వెళ్ళి యేమి చేసినదను ప్రశ్న వచ్చుసరికి మూడు మాటలతో ముగింతురు: బలము, అందము, ధర. ఈ మూడును నిజమే. నాలుగవ మాట లేకపోవుటచే మూడును అసంపూర్ణములగుచున్నవి. నాలుగవ మాట మాంసము.

'స్వచ్ఛజాతి' యను మాటపై విచారణ

ప్రశంసావ్యాసములలో తరచుగా కానవచ్చు మరియొక మాట 'స్వచ్ఛమైన ఒంగోలు రక్తము'. బ్రెజిల్ లో మన జాతి కల్తీలేక నిలిచినదనియు, ఇచ్చట మనము దానిని చెడగొట్టుకొన్నామనియు వారి వాదము. ఇందు సగము మాత్రమే సత్యము.

భారతదేశమునుండి బ్రెజిల్ కు పోయిన జెబు పశువుల సంఖ్య కొలదివేలే. నేడు ఆ దేశమున ఇరువదికోట్లకు మించిన పశువులున్నవి; వానిలో అధికభాగము నెలోరె రక్తము గలవి. కొలదివేలనుండి కోట్లు ఎట్లు పుట్టినవి? మన ఆబోతులను అచ్చటి యూరోపియన్ సంతతికి చెందిన నాటు ఆవులతో దాటించిరి. పుట్టిన పెయ్యలను మరల మన ఆబోతులతో దాటించిరి. ఇట్లు తరతరములు జరుగగా మొదటి తరమున సగము, రెండవ తరమున ముప్పాతిక, మూడవ తరమున ఎనిమిదింట ఏడు పాళ్ళు, ఈ విధమున తండ్రిజాతి రక్తము పెరుగుచు వచ్చినది. బయటికి చూచిన మూపురము, తెలుపు, గంగడోలు అన్నియు ఒంగోలువే. తల్లినుండి మాత్రమే సంతతికి సంక్రమించు మైటోకాండ్రియా జన్యుపదార్థమును 1990వ దశకమున పరీక్షించిన బ్రెజిల్ శాస్త్రజ్ఞులకు, స్వచ్ఛజాతిగా నమోదైన పశువులలో పెక్కింటియందు యూరోపియన్ పశువుల గుర్తులే కానవచ్చినవి. వారు తమ వ్యాసమునకు, అమెరికా ఖండపు జెబు నిజముగా జెబుయేనా యను అర్థము వచ్చు ప్రశ్ననే శీర్షికగా నుంచిరి.

నేతవారికి ఈ సంగతి విప్పిచెప్ప నక్కరలేదు. బట్టపై పేక రంగే మెరయునట్లు నేసినను లోపల పడుగు వేరుగ నుండవచ్చును. నెలోరె వస్త్రమునకు పేక ఒంగోలుది; పడుగులో కొన్ని పోగులు యూరోపువి. ఇది కల్తీ గాదు, కళంకము గాదు. ఆ జాతి ఎట్లు విస్తరించినదో చెప్పు చరిత్ర. కాని దానిని దాచి స్వచ్ఛతను కీర్తించు వ్యాసము చరిత్ర గానేరదు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో సంకరణము దాపరికములేక, ఉద్దేశపూర్వకముగా జరిగినది. నెల్లూరు, గుజెరాతు, గిరు మొదలగు భారతీయ జాతులను కలిపి 'బ్రాహ్మన్' అను జాతిని నిర్మించిరి. దాని సంఘము 1924లో యేర్పడినది. టెక్సస్ లోని కింగ్ రాంచిలో బ్రాహ్మన్ రక్తము ఎనిమిదింట మూడుపాళ్ళు, షార్ట్ హార్న్ రక్తము అయిదుపాళ్ళు కలిపి 'సాంటా గెర్ట్రూడిస్' జాతిని తీర్చిరి. ఆ జాతికి మూలపురుషుడైన ఆబోతు 1920లో పుట్టినది. 1940లో ప్రభుత్వము దానిని ప్రత్యేకజాతిగా గుర్తించినది. అదే పాళ్ళలో యాంగస్ తో కలిపినది 'బ్రాంగస్'. డచ్చివారు ఇరువదవ శతాబ్దారంభమున ఇండొనీషియాలోని సుంబాద్వీపమునకు ఒంగోలు పశువులను కొనిపోగా, జావాద్వీపమున వాని సంకరమునుండి 'పెరానాకన్ ఒంగోలు' అను జాతి యేర్పడినది. ఆ ద్వీపపు రైతు నోట నేటికిని మన ఊరిపేరు పలుకుచుండుట విశేషము.

సంకరణము మాంసమునకేమి చేసినది

ఇక ముఖ్యవిషయము. రెండు దూరపు జాతులను కలిపినపుడు తొలితరము సంతతి తల్లిదండ్రుల సగటుకంటె మిన్నగా పెరుగుటను సంకరతేజమందురు. ఈ మాట నూలుతో బ్రతుకువారికి క్రొత్త గాదు. 1970లో గుజరాతునందు వెలువడిన 'హెచ్-4' ప్రత్తి ప్రపంచమున వాణిజ్యసరళిలో సాగైన తొలి సంకర ప్రత్తి. రైతు దాని గింజను దాచుకొని మరుసటియేడు విత్తిన మొదటి పంటతేజము నిలువదు. పశువులలోను అట్లే. ఒంగోలు లేక బ్రాహ్మన్ జాతి, యాంగస్ లేక హెరిఫోర్డ్ జాతి - ఈ రెండును వేలయేండ్లనాడే వేర్వేరుగా మచ్చికైన వంశములు. వాని మధ్య దూరము హెచ్చగుటచే సంకరతేజము గూడ హెచ్చు. దూడల బ్రతుకు, తల్లుల చూలు, పాలుమానునాటి బరువు ఇవన్నియు మెరుగగును. అదే జంటలను అమెరికాలోని ఉష్ణమైన ఫ్లోరిడా రాష్ట్రమునందును, శీతలమైన నెబ్రాస్కా రాష్ట్రమునందును పోల్చిచూచినపుడు బ్రాహ్మన్ సంకరపు ఆవుల ఆధిక్యము ఫ్లోరిడాలోనే ఎక్కువ. అనగా సంకరతేజము రక్తములో మాత్రమే లేదు. నేలలోను, ఎండలోను గలదు.

ఇది బ్రతికియున్న పశువు సంగతి. కళేబరపు సంగతి వేరు. పశువును కోసి, తోలు, తల, గిట్టలు, ప్రేగులు తీసివేసిన పిదప మిగులు శరీరమును కళేబరమందురు. నాలుగువందల కిలోల పశువునుండి 220 కిలోల కళేబరము వచ్చిన దాని డ్రెస్సింగు శాతము 55. ఈ కొలతలో జెబు సంకరములు సాధారణముగా వెనుకబడవు, తరచుగా ముందుండును. వాని జీర్ణాశయమును, అందలి మేతయు తేలికగుట యిందుకొక కారణము. శరీరముపైని క్రొవ్వు మితముగ నుండుటచే అమ్ముడగు మాంసము పాలును బాగుగనే యుండును. కనుక మాంసపు పరిమాణముతో లెక్కించిన మన పశువు యూరోపు పశువునకు తీసిపోదు.

గుణము విచారించినపుడు తూకము మారును. గుణమును చూచుటకు ముఖ్యముగా రెండు కొలతలు గలవు. మొదటిది మార్బ్లింగు: ప్రక్కటెముకలవద్ద వెన్నుకండను అడ్డముగ కోసినపుడు ఎఱ్ఱని కండ నడుమ తెల్లని క్రొవ్వుచారలు చలువరాతిచారలవలె ఎంతమట్టుకు కానవచ్చునో చూచుట. రెండవది మెత్తదనము: కాల్చిన కండనుండి సన్నని కడ్డీలవంటి ముక్కలను తీసి, వార్నర్-బ్రాట్స్లర్ యంత్రపు మొద్దుకత్తితో వానిని తెంచుటకెంత బలము పట్టునో కొలుచుట. తెంచుబలము హెచ్చినకొలది మాంసము గట్టిది.

నెబ్రాస్కాలోని క్లే సెంటర్ వద్ద అమెరికా వ్యవసాయశాఖవారి మాంసపశు పరిశోధనకేంద్రము గలదు. జాతులను పోల్చుటకై అచ్చట దశాబ్దములకొలది వరుస ప్రయోగములు జరిగినవి. 1989లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో బ్రాహ్మన్, సాహివాలు జాతుల రక్తము నాలుగవవంతు, సగము, ముప్పాతిక చొప్పున గల పశువులను హెరిఫోర్డ్-యాంగస్ పశువులతో పోల్చిరి. జెబు రక్తపు పాలు పెరిగినకొలది మార్బ్లింగు తగ్గినది, తెంచుబలము పెరిగినది, రుచిచూచువారు ఇచ్చిన మెత్తదనపు మార్కులు తగ్గినవి. అదే వరుసలోని నాలుగవ విడతలో నెల్లూరు ఆబోతుల సంతతియే స్వయముగా పరీక్షకు వచ్చినది. 1996లో ప్రకటితమైన ఫలితములలో ఆ సంతతి మాంసము గట్టితనమున ముందువరుసనే నిలిచినది. మన వ్యాసములలో ఎక్కడను కానరాని విషయమిది. ప్రపంచమున ఒంగోలు పేరు శాస్త్రపత్రములందు ఎక్కువగా వినవచ్చినది పొగడ్తకొరకు గాదు, ఈ లోపమును వివరించుటకొరకే.

లోపమునకు హేతువేమి? పశువు మరణించిన వెంటనే కండ బిగిసిపోవును. పిమ్మట చల్లని గదిలో నుంచగా, కాల్పెయిన్ అను ఎంజైములు కండతంతువులను మెల్లగ తెంచి మెత్తపరచును. ఈ పని ఒకటి రెండు వారములు సాగును. కాల్పాస్టాటిన్ అను మరియొక పదార్థము ఆ ఎంజైముల చేతులు కట్టివేయును. జెబు రక్తము గల పశువుల కండలో మరణానంతరము కాల్పాస్టాటిన్ పని హెచ్చుగ నుండునని 1990 ప్రాంతపు పరిశోధనలు తేల్చినవి. అందుచే ఎన్నినాళ్ళుంచినను ఆ మాంసము మెత్తబడుట మందగించును. ఇందు కండను కట్టియుంచు పొరలకంటె కండతంతువులదే ప్రధానదోషము.

దీనికి తోడు స్వభావము గలదు. మూపురపు పశువులు క్రొత్తమనిషిని, క్రొత్తచోటును చూచి త్వరగా బెదరును. బెదరిన పశువు కండలోని గ్లైకోజెన్ ఖర్చగును. అది లేనిదే మరణానంతరము కండ తగినంత పులుపెక్కదు. అప్పుడు మాంసము నల్లబడి, జిగటగ, నిలువయుండనిదై పోవును. చెదరగొట్టక, అరవక, కొట్టక పశువును నడిపించిన యీ నష్టము చాలవరకు తగ్గును. కరుణ కేవలము ధర్మము గాదు, శాస్త్రముకూడ.

ఈ కారణములచేతనే బ్రెజిల్ పెంపకపుదారులు నెలోరె ఆవులను యాంగస్ వీర్యముతో దాటించి, తొలితరపు దూడలను గుణము గోరు అంగళ్ళకు పంపుచున్నారు. ఎండకు, పిడుదులకు, ముదురుగడ్డికి ఓర్చు బలము తల్లినుండి. త్వరగా క్రొవ్వెక్కు గుణము, మెత్తదనము తండ్రినుండి. మన ఆవు అక్కడ రాణి గాదు, తల్లి. తల్లి పని కొండంత; ఆ సంగతి వ్రాసిన దాని గౌరవము తగ్గదు, పెరుగును.

కొలతబద్దపై విమర్శ

ఇంతవరకు ప్రశంసకులను విమర్శించితిమి. పరిశోధకులను విమర్శింపకున్న న్యాయము గాదు.

మొదటి ఆక్షేపణ ప్రదేశమును గూర్చినది. క్లే సెంటరునందు పశువులు ధాన్యము మేసి, చలికాలపు మంచును చూచి పెరిగినవి. అది యూరోపు పశువునకు పుట్టినిల్లు, మన పశువునకు పరాయిగడప. అచ్చట వచ్చిన తూకము అచ్చటికి సత్యము. దానిని ప్రపంచమంతటికి అన్వయించుట తగదు.

రెండవది 'జెబు' అను మాటను గూర్చినది. సాహివాలు పాలకై ఏరబడినది; ఒంగోలు దుక్కికి, పాలకు; గుజెరాతు వేరు, గిరు వేరు. అన్నింటిని ఒకే గంపలో వేసి 'జెబు మాంసము గట్టిది' అనుట, నూలు, పట్టు, ఉన్ని కలిపి 'దారము' అని తీర్పుచెప్పినట్లుండును. పైగా జాతిజాతికి నడుమ ఎంత తేడా గలదో, ఒకే జాతిలోని పశువు పశువునకు అంతతేడా గలదని ఆ కేంద్రపు వారే వ్రాసిరి. అనగా మెత్తని మాంసమిచ్చు ఆబోతులు నెలోరె మందలోను గలవు. వానిని వెదకి ఏరుకొనవచ్చును. 2012లో నెలోరె జన్యుక్రమము ప్రకటింపబడిన పిదప ఈ వెదకులాట మరింత సులభమైనది.

మూడవ ఆక్షేపణ వంటయింటిది. మెత్తదనపు పరీక్షలో మాంసపుముక్కను నీరులేక వేడిపై కాల్చెదరు. అది కత్తియు ముల్లుగరిటయు పట్టి తినువారి పద్ధతి. ఆ మాంసము తినునలవాటు గల తెలుగు యిండ్లలో దానిని చిన్నముక్కలుగ గోసి, ఉప్పు, కారము, అల్లము, వెల్లుల్లి పట్టించి, కుండలో చాలసేపు ఉడికింతురు. లేదా ఎండబెట్టి వరుగులు చేసికొందురు. ఆ వంటకు క్రొవ్వుచారలు గుణము గావు. గట్టితనము దోషమే యైనను అంతటి దోషము గాదు. కొలత ఒకరి పళ్ళెమునుండి పుట్టి, తీర్పు అందరి పశువులపై పడుచున్నది. అయినను ఈ ఆక్షేపణను హద్దుమీరి సాగదీయరాదు. కాల్పాస్టాటిన్ సంగతి వంటవాని అభిరుచి గాదు, శరీరధర్మము. 'మా వంటలో అన్నియు మెత్తబడును' అని చెప్పి శాస్త్రమును త్రోసిపుచ్చువాడు ప్రశంసకునికంటె భిన్నుడు గాడు.

మా ఊరి పాఠకులకు దృష్టాంతముగా చద్దరును తీసికొందము. షోలాపురపు చద్దరు గుణము నూలుచేతనే నిర్ణయింపబడునా? నూలు ముఖ్యమే. గంజి, రంగు, నేత, ఆరబెట్టుట - ఏ యొక్కటి చెడినను నూలెంత మంచిదైనను ఫలము లేదు. జాతి నూలువంటిది. మేత, వయస్సు, నడిపించిన తీరు, చల్లనిగదిలో నుంచిన దినములు మిగిలిన పనులవంటివి. జాతిని మాత్రమే పొగడువాడును, జాతిని మాత్రమే నిందించువాడును ఒకే తప్పు చేయుచున్నారు.

స్వదేశమున సంకరణము

మన దేశమున సంకరణము మాంసముకొరకు జరుగలేదు, పాలకొరకు జరిగినది. జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యముతో దేశవాళీ ఆవులను దాటించిరి. 2019నాటి పశుగణన ప్రకారము దేశమున సంకర, విదేశీజాతి పశువులు అంతకుముందటి గణనకంటె నూటికి సుమారు 27 పాళ్ళు పెరుగగా, దేశవాళీ పశువులు నూటికి 6 పాళ్ళు తగ్గినవి. పాలు పెరిగినవి, ఎందరో చిన్నరైతుల యిల్లు నిలిచినది. దీనిని కాదనరాదు. కాని సంకరపు మగదూడకు మూపురము చాలదు, కాడి నిలువదు, ఎండకు ఓర్వలేదు. ట్రాక్టరు వచ్చిన పిదప ఒంగోలు ఎద్దుకే పని తగ్గగా, ఈ దూడ గతి చెప్పనేల?

మనము నివసించు ఈ జిల్లాయే ఖిల్లారీ జాతికి పుట్టినిల్లు. సంక్రాంతివేళ సిద్ధేశ్వరయాత్రకు సాగివచ్చు పశువుల సంతలో ఆ పొడవుకొమ్ముల చురుకైన ఎద్దులను మనవారును చూచుచున్నారు. ఒంగోలు గిత్త కథయే ఖిల్లారీ కథ: పని పోయిన పశువునకు వెల పోవును, వెల పోయిన జాతి తరుగును. మహారాష్ట్రమున 1976నాటి శాసనమును 2015లో సవరించి, ఆవులతోబాటు ఎద్దులను, ఆబోతులను కోయుటనుగూడ నిషేధించిరి. ఆంధ్రదేశమున 1977నాటి శాసనము గలదు. ఈ శాసనముల మంచిచెడ్డలు ఈ వ్యాసపు పరిధి గాదు. ఒక్కమాట మాత్రము చెప్పవలయును. పనికిరాని మగదూడను ఎవరు మేపవలెనను ప్రశ్నకు ప్రశంసావ్యాసము సమాధానము చెప్పదు, నిషేధశాసనము సమాధానము చెప్పదు. ఆ భారము పేదరైతు గడపయందే నిలుచును. పెయ్యదూడలనే పుట్టించు వీర్యమును నేడు ప్రభుత్వము వ్యాప్తిలోనికి తెచ్చుచున్నది. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ దేశవాళీజాతుల పోషణ నుద్దేశించినది. గుంటూరు చెంత లాం క్షేత్రమునందు ఒంగోలు జాతిపై పరిశోధన సాగుచున్నది. ఈ పనులను గూర్చి మన పత్రికలలో ఎన్ని పంక్తులు వచ్చినవి? వేలపు ధరను గూర్చి ఎన్ని వచ్చినవి? పోల్చి చూడుడు.

మరియొక మౌనముగూడ గలదు. తెలుగువారిలో ఈ మాంసము తినువారున్నారు, తినని వారున్నారు. తినని వారి మనస్సు నొచ్చునని మాంసమను మాటనే వదలివేసిన వ్యాసకర్త, తినువారు తెలుగువారే కారన్నట్లు వ్రాసినవాడగుచున్నాడు. అది వాని యుద్దేశము గాకపోవచ్చును; ఫలితము మాత్రము అదియే. ఒకరి భక్తిని గౌరవించుటకు మరియొకరి అన్నమును అదృశ్యము చేయనక్కరలేదు. సంఘముయొక్క సంచికలో అందరి పేర్లును ఉండవలయును గదా!

ముగింపు

పై చర్చలో తేలిన విషయము లివి. ఒంగోలు జాతి ప్రపంచమున విస్తరించుటకు కారణము స్వచ్ఛత గాదు, సంకరణము. ఆ విస్తరణ ప్రయోజనము ముఖ్యముగా మాంసము. ఆ మాంసము పరిమాణమున మేలైనది; యూరోపు అంగడి కోరు మెత్తదనమున తక్కువైనది. ఆ తక్కువకు శరీరధర్మమున హేతువు గలదు, నివారణోపాయములును గలవు. ఆ తీర్పు చెప్పిన కొలతబద్దయు దోషరహితము గాదు. ఇన్ని సంగతులను కలిపి చెప్పినను మన గిత్త గౌరవము వెంట్రుకవాసి తగ్గలేదు. తగ్గినది మన అతిశయోక్తి మాత్రమే.

1953లో ప్రపంచ ఆహార వ్యవసాయసంస్థవారు భారత పాకిస్థానముల జెబు పశువులపై జోషి, ఫిలిప్స్ అను వారిచే వ్రాయించిన గ్రంథమున ఒంగోలు పశువును పొగడ్తలేక, నిందలేక, కొలతలతో వర్ణించిరి. అట్టి గ్రంథము తెలుగున, నేటి జ్ఞానముతో, విదేశచరిత్రను గూడ కలుపుకొని వెలువడవలసి యున్నది. అందు కరవది గ్రామపు గిత్త ప్రయాణమును, క్లే సెంటరు తూకమును, సుంబాద్వీపపు రైతును, మన యింటి మగదూడను ఒకేచోట చూపవలయును.

ఆనాడు ప్రశ్న వేసిన పిల్లవానికి పెద్దలు సమాధానము చెప్పలేకపోయిరి. తెలియకపోవుట దోషము గాదు. తెలిసినవారు వ్రాయకపోవుట దోషము. ఈ వ్యాసమున ఆ బాకీలో కొంత తీర్చ యత్నించితిని. లోపములున్నచో విజ్ఞులు సవరింతురు గాక.